జాగ్రత్తలు, మెలకువలు

ఆలంపూర్ నుంచి హైదరాబాదు రెండొందల కిలోమీటర్లకి పైనే. మా వైపు దాన్ని ఇప్పటికీ పట్నమనే అంటారు. ఇంటరో డిగ్రీయో అయిపోయి పిల్లలు కోఠీకో, అమీర్‌పేటకో, అశోక్‌నగర్‌కో బయల్దేరే రోజుల్లో నాకు తెలిసిన ఇళ్ళ నుంచి పిలుపులొస్తాయి. "అక్కా, నువ్వు అక్కడ శానా ఏండ్లు ఉన్నవు. పిల్లకి నాలుగు మంచి మాటలు చెప్పు" అంటారు. చెప్పడానికి మాటలకి కరువు లేదు. కానీ చెప్పేటప్పుడు నేను ఎవరి పక్షాన మాట్లాడుతున్నాను? వెళ్ళే పిల్ల పక్షానా, పంపే ఇంటి పక్షానా? ఈ రెండూ ఒకటేనని మనందరం అనుకుంటాం. ప్రేమ ఉన్న ఇళ్ళల్లో అయితే మరీనూ. నాకు మాత్రం ఈ రెంటి మధ్యా ఉన్న సందు ఏటేటా పెద్దదిగానే కనిపిస్తోంది.

ఆ సలహాలు ఎలా ఉంటాయో మనకి తెలియనివి కావు. పొద్దు గూకితే బయటికి పోవద్దు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడొద్దు. మగపిల్లలకి నంబరు ఇవ్వొద్దు. ఫోన్లో ఫొటోలు పెట్టొద్దు. హాస్టల్లో ఎవరన్నా చెడుతిరుగుళ్ళు తిరిగితే వాళ్ళతో కలవొద్దు. అదే ఇంటి నుంచి అబ్బాయి పోతుంటే, "వేళకి తిను, డబ్బులు భద్రం, అయిపోతే ఫోన్ చెయ్" అంటారు. వాడికి చెప్పేవి వాడి కడుపు గురించీ జేబు గురించీ. ఆమెకి చెప్పేవాటిలో ఆమె ఆకలి ప్రస్తావన ఎక్కడుంది? నెల మధ్యలో డబ్బులు అయిపోతే ఏం చెయ్యాలో, జ్వరమొస్తే ఏ ఆస్పత్రికి పోవాలో, అడ్వాన్సు తీసుకున్న హాస్టలు యజమాని తిరిగి ఇవ్వనంటే ఎవరిని అడగాలో ఆ జాబితాలో ఉండదు. అది ఇంటి పరువుకి కట్టిన కంచె. ఆ కంచెని మోసుకుంటూ తిరగాల్సిన పని మాత్రం ఆమెది.

తెలుగులో 'జాగ్రత్త' అనే మాటకి రెండు వాడుకలున్నాయి. మనిషికి జాగ్రత్త చెబుతాం, వస్తువుని జాగ్రత్త చేస్తాం. బంగారం బీరువాలో జాగ్రత్త చేస్తాం. ఆడపిల్లల విషయంలో ఈ రెండు వాడుకలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆమెకి జాగ్రత్త చెబుతున్నామనుకుంటూ, దూరం నుంచి ఆమెని జాగ్రత్త చేస్తుంటాం. నిజానికి జాగ్రత్తంటే మొదటి అర్థం మేలుకుని ఉండడమే. దానికి మన సొంత మాట మెలకువ. మెలకువ అంటే నిద్రపోకపోవడమూ అవును, ఒక పని చెయ్యడంలో ఉన్న ఒడుపూ అవును. ఈతలో మెలకువలుంటాయి, నేతలో మెలకువలుంటాయి. జాగ్రత్తలు మాత్రమే విని పెరిగిన పిల్ల నీళ్ళ వైపు పోదు. మెలకువలు నేర్చిన పిల్ల ఈదుతుంది.

ఇంతకీ ఈ జాగ్రత్తలు అందరు స్త్రీలకీ చెప్పినవి కావు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పేరు బయటి ప్రపంచానికి తెలిసింది 'పాలమూరు లేబర్' అనే మాటతోనే. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, హైదరాబాదు మేడలు, ఎన్నిటికో మట్టి మోసింది ఈ నేల మనుషులు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీర్చడానికి ఆలూ మగలు కలిసే పోయేవారు. ఆమె తట్ట మోసేది, వండేది, అక్కడే కనేది. వలస కూలీల కోసం 1979లో కేంద్రం చట్టం చేసింది. కూలీలని రాష్ట్రం దాటించే కాంట్రాక్టరుకి లైసెన్సు ఉండాలంది. అది ఏ గుడిసె దాకా వచ్చిందో ఆ గుడిసెలో పడుకున్నవాళ్ళకే తెలియాలి. ఆ స్త్రీలు ఊరు దాటేటప్పుడు "పొద్దు గూకితే బయటికి పోవద్దు" అని ఎవరూ చెప్పలేదు. వాళ్ళు పడుకునేదే బయట. ప్రమాదం తక్కువై చెప్పకపోలేదు. వాళ్ళకి పోగొట్టుకునే పరువు ఉందని ఊరు అనుకోలేదు. జాగ్రత్తల జాబితా ఎంత పొడుగుంటుందన్నది ప్రమాదాన్ని బట్టి కాక కులాన్ని బట్టీ ఇంటి అంతస్తుని బట్టీ తేలుతుందని ఇక్కడే అర్థమవుతుంది.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు మా ప్రాంతం మీదికి వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్ళీ నిలబెట్టారు. మంచి పనే. ఇప్పటికీ చూసి సంతోషిస్తాను. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో చూసుకుని కట్టిన ఆ శ్రద్ధ, మునిగిన ఊళ్ళ నుంచి చెదిరిపోయిన మనుషులకి దొరికిందా? పక్కింటివాళ్ళ పక్కన పక్కింటివాళ్ళు ఉండాలని ఎవరన్నా చూశారా? ఊరు విడిచిపోవడం అందరికీ ఒక్కలాంటిది కాదు. కోరుకుని పోయేవాళ్ళకి సలహాలుంటాయి. గత్యంతరం లేక పోయేవాళ్ళకి అవీ ఉండవు.

"అట్లంటే ఎట్లక్కా, ప్రమాదం నిజమే కదా" అని ఒక తల్లి అడుగుతుంది. నిజమే. ఆమె భయాన్ని పితృస్వామ్య భావజాలమని ఒక్క మాటతో కొట్టేసే హక్కు నాకు లేదు. ఆమె పేపరు చదువుతుంది, టీవీ చూస్తుంది, తన వయసులో తను పడ్డవి గుర్తున్నాయి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపేశాక మా ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఆడపిల్లల చదువుల మీద చర్చ జరిగిందో నాకు తెలుసు. అందుకే ఆ ఘటనలో సలహాల సంగతేమిటో కొంచెం నిదానంగా చూడాలి.

ఆ రాత్రి ఆ అమ్మాయి తనకి భయంగా ఉందని చెల్లెలికి ఫోన్ చేసింది. తర్వాత అప్పటి హోం మంత్రి, ఆమె చెల్లెలికి కాక 100కి ఫోన్ చేసి ఉంటే బతికేదన్నారు. పోలీసులు స్త్రీలకి సూచనల జాబితా విడుదల చేశారు. ఎక్కడికి పోతున్నారో ఇంట్లో చెప్పండి, మనుషులున్న చోట నిలబడండి అంటూ. మరి ఆమె కుటుంబం ఆ రాత్రే పోలీసుల దగ్గరికి పోతే ఏం జరిగింది? కేసు నమోదులో ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. చేయవలసిన పని చేయనివాళ్ళే సలహాలిచ్చే పెద్దలయ్యారు. సలహా అనేది ఎంత సులువుగా బాధ్యతని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చేస్తుందో ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఆ కేసులో నిందితులుగా పట్టుబడిన నలుగురూ నారాయణపేట జిల్లా వాళ్ళు. అంటే మా పాత పాలమూరు వాళ్ళే. లారీల మీద డ్రైవర్లుగా, క్లీనర్లుగా ఊళ్ళు దాటి తిరిగిన కుర్రవాళ్ళు. డిసెంబరు 6న పోలీసులు వాళ్ళని కాల్చి చంపారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. వాళ్ళలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కూడా చెప్పింది. నేరం కోర్టులో రుజువు కాకముందే కథ ముగిసిపోయింది. న్యాయం జరిగిందని మిఠాయిలు పంచిన మన సమాజం ఒక ప్రశ్న వేసుకోలేదు. పిల్లవాడు పదిహేనేళ్ళకో పదహారేళ్ళకో ఊరు దాటి పనికి పోతున్నప్పుడు వాడితో మనం ఏం మాట్లాడి పంపుతున్నాం? ఆడపిల్లకి ఇరవై జాగ్రత్తలు చెప్పే నోరు, మగపిల్లవాడికి ఎదుటి మనిషి శరీరం గురించి ఒక్క మాట చెప్పదు. రాత్రిపూట రోడ్డు మీద కనిపించే స్త్రీ కూడా వాడిలాగే పనికి పోయి వస్తున్న మనిషని ఏ ఇంట్లో చెబుతున్నారు?

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకే వస్తాను. ప్రమాదం నిజం కాబట్టే మన జాగ్రత్తలు పనికిరావడం లేదన్నది నా వాదన. ప్రతి జాగ్రత్త వెనకా చెప్పని బెదిరింపు ఒకటుంటుంది: ఏమన్నా జరిగితే చదువు మాన్పించి తీసుకొచ్చేస్తాం, పెళ్ళి చేసేస్తాం. పిల్లకి ఆ మాట చెప్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంటుంది. రేపు బస్సులో ఒకడు చెయ్యి వేస్తాడు. కోచింగు సెంటర్లో ఒకడు వెంటపడతాడు. ఆఫీసులో పైవాడు అర్ధరాత్రి మెసేజీలు పెడతాడు. ఆమె ఇంటికి చెబుతుందా? చెబితే పోయేది వాడి ఉద్యోగం కాదు, తన చదువు. కాబట్టి నోరు మూసుకుంటుంది. వాడికి కావలసింది ఆ మౌనమే. ఆమెని కాపాడాలని మనం కట్టిన కంచె చివరికి వాడికి చాటవుతోంది. భద్రత కోసం స్వేచ్ఛని కొంచెం తగ్గించుకోవాలని పెద్దలంటారు. నేను చూసినంతలో, ఇంట్లో చెప్పుకునే స్వేచ్ఛ ఉన్న పిల్లే ఎక్కువ భద్రంగా ఉంది.

ఇలా అన్నాక మనవైపు కూడా ఒక మాట అనుకోవాలి. స్త్రీవాదులం మనమూ సలహాలిస్తాం. ధైర్యంగా ఉండు, ఎదిరించు, తలవంచకు. ఇవి వినడానికి బాగుంటాయి. హైదరాబాదులో గది అద్దెకి అడిగితే "మీరేమిట్లు?" అన్న ప్రశ్న ఇంకా వస్తూనే ఉంది. ముస్లిం పిల్ల పేరు చెప్పగానే అప్పటిదాకా ఖాళీగా ఉన్న గది నిండిపోతుంది. ఒక దళిత అమ్మాయి నన్ను సూటిగా అడిగింది, "మేడమ్, అడిగితే ఏం చెప్పమంటారు?" అని. నిజం చెప్పమనడం నాకు సులువు. ఆ రాత్రి సామాను పట్టుకుని రోడ్డు మీద నిలబడేది నేను కాదు. దాచమనడం ఇంకా సులువు. కానీ ఆ అబద్ధాన్ని రోజూ మోసేది, వంటగదిలో ప్రతి మాటా తూచి మాట్లాడేది ఆమె. సిగ్గుపడాల్సింది అడిగినవాడేనని ఆమెతో అన్నాను. ఏ ఇళ్ళల్లో అడగరో, అక్కడ ఉండి వచ్చిన పిల్లలు ఎవరో చెప్పాను. ఏం చెప్పాలన్నది ఆమెకే వదిలాను. ఇంకొకరి బతుకుని పణంగా పెట్టి భయాన్ని ఆజ్ఞాపించడం ఎంత తప్పో, ధైర్యాన్ని ఆజ్ఞాపించడమూ అంతే తప్పు.

అందుకని ఇప్పుడు నేను జాగ్రత్తలు మానేసి మెలకువలు చెబుతున్నాను. బ్యాంకు ఖాతా నీ పేరున, ఏటీఎం కార్డు నీ దగ్గరే ఉండాలి. ఒక నెల ఖర్చుకి సరిపడా డబ్బు ఎవరికీ చెప్పకుండా పక్కన ఉంచుకో. సర్టిఫికెట్ల అసలు కాగితాలు ఏ కాలేజీ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, అడిగి వెనక్కి తెచ్చుకో. హాస్టలు చేరేముందు యజమానితో కాదు, అక్కడ ఉంటున్న పిల్లలతో మాట్లాడు. అడ్వాన్సుకి రసీదు అడుగు. కొత్త వీధుల్ని మొదటి వారంలో పగటిపూట కాలినడకన తిరిగి నేర్చుకో. 112 ఫోన్లో ఉంచుకో, షీ టీమ్స్ 2014 నుంచీ ఉన్నాయి. 'మా పరిధి కాదు' అని ఏ పోలీసు స్టేషనూ నిన్ను తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలి, చేరిన రోజే అందులో ఎవరున్నారో కనుక్కో. ఒంటరిగా అనిపిస్తుంది, అది నీ లోపం కాదు. మా జోగులాంబ అంతటి దేవత కూడా పాత గుడి పోయాక కొన్ని వందల ఏళ్ళు బాలబ్రహ్మ ఆలయంలో సర్దుకుని ఉంది, 2005లో గానీ మళ్ళీ సొంత గుడి దక్కలేదు. నువ్వు షేరింగ్ గదిలో ఉన్నందుకు చిన్నబోనక్కర్లేదు. ఈ మాటకి పిల్లలు నవ్వుతారు. నవ్వితేనే మిగతావి గుర్తుంటాయి.

పిల్లతో మాట్లాడడం అయ్యాక తల్లిదండ్రులతో మాట్లాడతాను. ఇదివరకు ఆ పని చేసేదాన్ని కాదు, ఇప్పుడు ఎక్కువసేపు వాళ్ళ దగ్గరే కూర్చుంటున్నాను. మీరు ఆమెకి చెప్పే ప్రతి 'వద్దు'కీ ఒక పరీక్ష పెట్టండి, అదే మాట కొడుక్కీ చెబుతారా అని. చెప్పకపోతే అది ప్రమాదం గురించా, పరువు గురించా? ఆ తర్వాత ఆమె ఎదురుగా ఒక మాట ఇవ్వండి: ఏం జరిగినా మాకు చెప్పు, నీ చదువు ఆగదు, నీ తప్పెంత అని మేం లెక్కలు తియ్యం. ఒక తండ్రి ఈ మాట విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. "ఇది ఇచ్చుడు శానా కష్టమక్కా" అన్నాడు. కష్టమేనని నేనూ ఒప్పుకున్నాను. సలహా ఇచ్చినవాళ్ళు పోగొట్టుకునేదేమీ ఉండదు. మాట ఇచ్చినవాళ్ళు దాన్ని నిలబెట్టుకోవాలి, నలుగురు నవ్వినా సరే. మనం ఆ పిల్లకి బాకీ ఉన్నది ఆ కష్టమే.

2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి జీరో టికెట్ ఇస్తున్నారు. పట్నం పోయిన పిల్ల ఇంటికి రావాలంటే ఇప్పుడు చేతిలో రూపాయి లేకపోయినా పర్వాలేదు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎందుకొస్తున్నావని కండక్టరు అడగడు. ఇంటి దగ్గర దిగినప్పుడు మనమూ ఆ ప్రశ్న వెంటనే అడగకుండా, ముందు అన్నం పెట్టగలిగితే చాలు. పట్నానికి మళ్ళీ ఎప్పుడు పోవాలన్నది తిన్నాక ఆమే చెబుతుంది.