పట్టీలో లేని వెల



గత మాసములో మన సంఘపు యౌవనస్థుడొకడు ఒక పట్టీ వ్రాసికొని నా యొద్దకు వచ్చెను. ఆటలాడుటకు తగిన కంప్యూటరును, విడిభాగములు కొని తన చేతులతోనే బిగించుకొనవలెనని వాని కోరిక. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి ధరలన్నియు విచారించి వచ్చెను. పూనాలో కట్టడపు పని చేయుచున్న తండ్రి 50,000 రూపాయలు పంపుటకు ఒప్పుకొనెనట. "అయ్యగారూ, ఆటకు గిన్ని పైసలు పెట్టుడు పాపమా?" అని వాడు నన్ను అడిగెను.

పాపమని చెప్పుటకు నాకు నోరు రాలేదు. జెకర్యా ప్రవక్త తన గ్రంథము 8వ అధ్యాయములో, దేవుడు తిరిగి నివసింపబోవు యెరూషలేమును వర్ణించుచు, దాని వీధులలో ఆడుకొను బాలబాలికలను చూపుచున్నాడు. అయితే గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పెను గదా. మేమిద్దరమును అరుగుమీద కూర్చుండి లెక్క చూచితిమి.

పట్టీలో అద్దపు పెట్టెయు రంగురంగుల దీపములును ఉండెను. పవర్ సప్లై మాత్రము పేరు తెలియనిది, మిక్కిలి చవుకది. మనమందరము ఇట్టివారమే. కంటికి కనబడుదానికి ధారాళముగా ఇత్తుము, కనబడనిదానియొద్ద పిసినితనము చూపుదుము. గోడనుండి వచ్చు కరెంటును మార్చి ప్రతి భాగమునకును పంచిపెట్టునది అదియే. అది చెడినప్పుడు ఒంటరిగా పోదు. మదర్‌బోర్డును కూడ చెరుపవచ్చును. మన పల్లెలలో వోల్టేజి ఎట్లు హెచ్చి తగ్గునో మీరెరుగుదురు. దీపములు కొట్టివేసి ఆ సొమ్ము దీనికి పెట్టితిమి.

ఇట్టి యంత్రములో అన్నిటికంటె పెద్ద ఖర్చు గ్రాఫిక్సు కార్డు. దానిని నేడే కొననక్కరలేదు. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి వంటి ప్రాసెసరులలో బొమ్మలు చూపు శక్తి లోపలనే యున్నది. కార్డు తరువాత చేర్చుకొనవచ్చును. అది బొమ్మల పనికి కూడ ర్యామునే వాడుకొనును గనుక, ర్యామ్ ఒక ముక్కగా గాక రెండు ముక్కలుగా వేసినయెడల వేగము హెచ్చును. 2025 చివరను ర్యామ్ ధరలు విపరీతముగా పెరిగెను. వాడు 8 జీబీ ముక్కలు రెంటితో సరిపెట్టుకొనెను. (ఈ సంగతులలో సగము వాడే నాకు నేర్పెను.)

కూడి చూడగా 600 రూపాయలు మిగిలెను. "విండోస్ ఎక్కడ వ్రాసితివి బాబూ?" అంటిని.

"దానికి పైసలెందుకు అయ్యగారూ, మా దోస్తు ఊరికెనే వేసిస్తడు. ఆటలు గూడ గట్లనే."

ఎనిమిదవ ఆజ్ఞను గూర్చి చాలసేపు మాట్లాడితిని. చేతికి చిక్కని వస్తువు కూడ ఒకని కష్టార్జితమే, నీ తండ్రి కూలివంటిదే అంటిని. వాడు తల వంచుకొని వినెను. పిమ్మట మెల్లగా, "మన మందిరంల కంప్యూటర్ల ఉన్న విండోస్ కొన్నదేనా అయ్యగారూ?" అనెను.

కాదు. ఎవరో వేసి ఇచ్చిరి, నేను అడుగలేదు. కొన్ని సంవత్సరములుగా ప్రతి ఆదివారము దానితోనే కీర్తనలు తెరమీద చూపుచుంటిమి.

ఆ రాత్రి సమూయేలు రెండవ గ్రంథము 24వ అధ్యాయము తీసితిని. అరౌనా తన కళ్లమును ఎద్దులను కట్టెలను ఉచితముగా ఇచ్చెదననగా, వెల ఇయ్యనిదానిని దేవునికి అర్పింపనని దావీదు 50 తులముల వెండి ఇచ్చి కొనెను. అక్కడ యజమానుడే ఇయ్యజూపెను. ఇక్కడ యజమానుడు ఇయ్యకయే మేము తీసికొంటిమి.

సంఘ పెద్దలలో ఒకరు, "లోకమంత చేస్తున్నదే గద" అనిరి. నేనును ఇంతకాలము అట్లే తలంచియుంటిని గనుక వారిని గద్దింపలేకపోతిని.

1991లో ఆరంభమైన లైనక్స్‌ను చేయువారే ఉచితముగా ఇచ్చుచున్నారు. విండోస్ ఆటలు అనేకము దానిమీద నడుచుటకు 2018లో ప్రోటాన్ అను సాధనమును వాల్వ్ కంపెనీ తెచ్చెను. అయినను ఆ కుర్రవాడు స్నేహితులతో ఆడు వాలరెంట్ దానిమీద నడువదు. కావున మానిటరు మాని ఇంటి టీవీకే తగిలించుకొని, ఆ సొమ్ముతో విండోస్ కొనెను. మందిరపు కంప్యూటరుకు లైనక్స్ వేసినవాడు కూడ వాడే.

పాత ఫాంటులో టైపు చేసిన మా కీర్తనలు ఆ మొదటి ఆదివారము తెరమీద చదువరాని గుర్తులై కనబడెను. అన్నిటిని మరల యూనికోడులో టైపు చేయవలసి వచ్చినది. వాడును నేనును శనివారము సాయంకాలములు కూర్చుండి ఇప్పటికి 140 ముగించితిమి. మిగిలినవి పుస్తకము చూచి పాడుచున్నాము.