ఎండిన చెట్టును గూర్చి తొందరపడి చెప్పిన మాట

1984 నవంబరులో శ్రీహరికోట వద్దను, 1989 నవంబరులో కావలి వద్దను తీరము దాటిన తుఫానులు మన నెల్లూరు తోటలను ఏమి చేసినవో నడివయస్సు దాటినవారెరుగుదురు. మన తీరమున చెట్లను చంపునది మంచు కాదు, ఉప్పుగాలి. సాయంకాలము పచ్చగానున్న నిమ్మతోట తెల్లవారుసరికి నిప్పు తగిలినట్లు మాడియుండును. అప్పుడు మన నోట వచ్చు మొదటి మాట, "పోయింది, కొట్టేయండి" అని.

ఆ మాట న్యాయమేనా?

ముందు తోట సంగతి చూతము. నిలిచిన నీటికి కాలువ తీయవలెను. లేనిచో నిమ్మవేరు గాలియాడక కుళ్లును. ఉప్పు పట్టిన ఆకును మంచినీటితో కడుగవలెను. చీలి వ్రేలాడు కొమ్మను నున్నగా కోసి గాయమునకు బోర్డో పేస్టు పూయవలెను. ఒరిగిన చిన్న చెట్టును మెల్లగా నిలిపి, మన్ను ఎగదోసి, ఊతకర్ర కట్టవలెను. త్వరగా చిగుర్చవలెనని వెంటనే ఎరువు గుమ్మరించరాదు; దెబ్బతిన్న వేరు దానిని ఓర్వలేదు. ఇక ఆకు రాలిన కొమ్మను ఎండినదని కోయక, గోటితో బెరడు గీకి చూడుడి. లోపల పచ్చగానున్నచో ప్రాణమున్నది. మంచు గడ్డకట్టు దేశములలోని తోటవారును చిగురు ఎంతవరకు వచ్చునో చూచిన తరువాతనే కత్తి పట్టుదురు.

లూకా సువార్త 13వ అధ్యాయములో ఫలింపని అంజూరపు చెట్టును నరికివేయుమని యజమానుడు చెప్పగా, తోటమాలి ఇంకొక్క యేడు గడువు వేడుకొనెను. ఊరక కూర్చుండుటకు కాదు, చుట్టు త్రవ్వి ఎరువు వేయుటకు. (అది కాయని చెట్టు, దెబ్బతిన్నది కాదు గనుక అక్కడ ఎరువు తగును.) ఆ తరువాతను ఫలింపనియెడల నరుకుటకు అతడును ఒప్పుకొనెను.

అయితే ఒక చిక్కున్నది. ఎకరము తోట, తలమీద అప్పు ఉన్నవానితో ఓపికపట్టుమని చెప్పుట ఎట్లు? కొట్టి కట్టెలమ్మినచో రేపటికి గంజి దొరకును. కొట్టిన నిమ్మకు బదులు మొక్క నాటినచో కాపునకు నాలుగైదేండ్లు పట్టును. చెట్టు కొరకు ఆగువాడు ఒకడైతే, ఆగుమని బోధించువారు వేరొకరు.

1989లో మేము ఒక ఇంటివారికి కొట్టివేయుడని సలహా యిచ్చితిమి. బెరడు గీకి చూడలేదు. ఇప్పుడు తలంచుకొనగా, ఆగుడని చెప్పియుండినయెడల వారికి కాపు వచ్చువరకు బియ్యము పంపవలసి వచ్చెడిది, కాలువ తీయుటకు చేతులు కలుపవలసి వచ్చెడిది. కొట్టుడని చెప్పుటకు మాకు ఏమియు ఖర్చు కాలేదు. నష్టము తరువాత త్రాగుడులో పడిన ఆ ఇంటి కుమారుని గూర్చియు మన సంఘములో అదే మాట అంటిమి: వాడు పోయినాడు అని.

ఆ తోటలో బావి ప్రక్క చెట్టు ఒకటి, చేరుటకు అనువుగా లేక, కొట్టకుండ మిగిలెను. సంక్రాంతి నాటికి అది మొదలంతయు చిగిర్చెను. దానిని చూడ రమ్మని ఆ ఇంటాయన మమ్మును పిలువలేదు. మేమే పోయి చూచితిమి.