ఇది కూడా అప్పగింతే

సోమవారం ఉదయం. ఫ్రాన్సు దేశంలో ఒక ప్రాథమిక పాఠశాల ముందు బస్సు ఆగి ఉంటుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఐదు రోజులపాటు ఓవెర్న్ ప్రాంతపు పల్లెలకు బయలుదేరుతుంటారు. పచ్చిక కొండలు, పాడి ఆవులు, చీజు తయారుచేసే రైతు ఇళ్ళు, ఎన్నడో చల్లారిన అగ్నిపర్వతాలు ఉన్న సీమ అది. తల్లులు ప్రతి బట్ట మీదా పిల్లవాడి పేరు కుట్టి పంపుతారు. మందులనూ డాక్టరు చీటీనీ ఒక సంచిలో పెట్టి టీచరు చేతికిస్తారు. చివరికి ఒకామె దగ్గరగా వచ్చి, “మావాడికి దీపం లేకపోతే నిద్రపట్టదండీ” అని మెల్లగా చెబుతుంది.

పెళ్ళిలో కన్నబిడ్డను మరొకరి చేతిలో పెట్టడాన్ని మనం అప్పగింతలు అంటాం. ఆ ఘడియలో కళ్ళు చెమర్చని తల్లిదండ్రులుండరు. ఐదు రోజులకే అయినా, ఇది కూడా అప్పగింతే.

ఆ దేశంలో ఈ అలవాటు పాతదే. 1953లో పారిస్ పక్కనున్న వాన్వ్ పట్టణం నుంచి ఒక తరగతిని టీచరుతో సహా మంచుకొండలకు పంపారు. తరువాత సముద్రతీరాలకు, పల్లెలకు కూడా తరగతులు బయలుదేరాయి. మరి, పరుల బిడ్డలను వెంటబెట్టుకు వెళ్ళేవారు ఆ తల్లిదండ్రులకు ఏమి బాకీ పడుతున్నారు? పిల్లలను చెక్కుచెదరకుండా తిరిగి అప్పగిస్తే సరిపోతుందా?

మొదటి బాకీ అదేనని ఎవరైనా ఒప్పుకుంటారు. 1999లో అక్కడి విద్యాశాఖ ఒక నియమం పెట్టింది. రాత్రి బస ఉన్న యాత్రలో ప్రాథమిక తరగతుల పిల్లలు 20 మంది వరకు ఉంటే, టీచరుతో కలిపి కనీసం ఇద్దరు పెద్దలుండాలన్నది అప్పటి నియమం. ఆ పైన ప్రతి 10 మందికీ మరొకరు ఉండవలసి వచ్చేది. బస్సు ఎక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క, అడవిదారి మలుపులో మళ్ళీ లెక్క. వెళ్ళిన పెద్దలకు నిద్రలో కూడా ఆ అంకెలే వినిపిస్తాయి కాబోలు!

అయితే వ్యాపారి లెక్క వేరు, కాపరి లెక్క వేరు. వ్యాపారికి సంఖ్య సరిపోతే చాలు. కాపరికి ఏది కుంటుతున్నదో, ఏది మేత ముట్టలేదో కూడా తెలియాలి. రాత్రి దుప్పటి కింద చప్పుడు లేకుండా ఏడ్చే పిల్ల లెక్కలో తగ్గదు గదా! పక్క తడిపిన పిల్లవాడూ తగ్గడు. తోటివారు లేవకముందే ఆ దుప్పటి మార్చి, ఆ మాట ఎవరికీ చెప్పని మనిషి ఆ పిల్లవాడి ఒంటినే కాదు, మానాన్ని కూడా కాపాడినట్లు.

ఇక అసలు చిక్కు ప్రశ్న. ఎంత జాగ్రత్తపడినా ప్రమాదం వస్తే?

1995 డిసెంబరు 4న గ్రెనోబుల్ నగరం దగ్గర ఒక ప్రాథమిక తరగతి పిల్లలు ప్రకృతి పాఠం కోసం ద్రాక్ నదిలోకి దిగారు. అది రాత్రి బస లేని ఒక్కపూట ప్రయాణం. నీరు తక్కువగా ఉంది. ఎగువనున్న ఆనకట్ట నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా వచ్చి పడింది. ఆరుగురు పిల్లలు, వెంట ఉన్న ఒక పెద్ద మరణించారు. టీచరుకూ ప్రధానోపాధ్యాయినికీ కోర్టులు మొదట శిక్ష వేశాయి. తెలియక, పరోక్షంగా హానికి కారణమైనవారిని ఎప్పుడు శిక్షించవచ్చో స్పష్టం చేస్తూ 2000 జులైలో కొత్త చట్టం వచ్చింది. తరువాత 2001లో వారిద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఇటువంటి దుఃఖం మనకూ తెలుసు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జి ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో, హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు.

చట్టం ముందు నిర్దోషి కావడం ఒకటి, మనసు ముందు నిలబడడం మరొకటి. ఆ టీచరు ఆ ఉదయాన్ని మరచిపోగలదా? మనం ఆమె మీద రాయి వేయనక్కరలేదు. కాని ఒక పాఠం మాత్రం నేర్చుకోవాలి. కంటి ముందున్న నీటిని చూస్తే చాలదు, ఎగువన ఏముందో అడగాలి. ఊరివారిని అడగడం, తెలియనిది తెలియదని ఒప్పుకోవడం నామోషీ కాదు. కాపలాదారుకు ధైర్యం కన్నా ముందు వినయం కావాలి.

“ఇంత భయమైతే ఇంట్లోనే ఉంచుకుంటే పోలా?” అని కొందరంటారు. అందులో మమకారం ఉంది, కాదనను. కాని వెళ్ళని యాత్రలో పోయినదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. పాలు సీసాలో కాక పొదుగులో పుడతాయని చూడని పిల్లవాడు, అమ్మ లేకుండా ఒక్కరాత్రి నిద్రపోగలనని తెలుసుకోని పిల్ల నష్టపోలేదా? ఆ నష్టానికి కేసు ఉండదు, వార్త ఉండదు. అయినా అది నష్టమే.

ఒక చిన్న వాగు ఉందనుకోండి. లోతు చీలమండ వరకే, మధ్యలో అడుగు వేయడానికి రాళ్ళున్నాయి. పిల్లవాణ్ణి ఎత్తుకుని దాటిస్తే పాదం తడవదు. అసలు చూడకుండా వదిలేస్తే అది నిర్లక్ష్యం. మూడో దారి ఉంది. పెద్దవారు ముందుగా దాటి, రాళ్ళు కదులుతున్నాయేమో చూసి, అవతలి ఒడ్డున చేయి చాచి నిలబడడం. దాటేది పిల్లవాడే. జారితే అందుకునే చేయి మాత్రం సిద్ధంగా ఉంటుంది. తిరిగి అప్పగించడమే కాదు, వెళ్ళినప్పటికన్నా కొంచెం ఎదిగిన బిడ్డను అప్పగించడమే పూర్తి బాకీ తీర్చడం.

ప్రియ తల్లిదండ్రులారా, మన పిల్లలూ బడి తరఫున యాత్రలకు వెళతారు. ఎవరు తీసుకువెళుతున్నారు, నీటి దగ్గర కాపలా ఎవరు అని నిలదీసి అడగండి, అది మీ హక్కు. బిడ్డకున్న జబ్బునూ భయాన్నీ దాచకుండా చెప్పండి, అది మీ బాధ్యత. మీ అబ్బాయి మోకాలు గీరుకుని తిరిగి వస్తే గాయం కడగండి, ఎలా తగిలిందో తెలుసుకోండి. కాని గుమ్మంలో మొదటి మాటగా “ఎవరు చూసుకోలేదురా?” అనకండి. “ఏమేం చూశావురా?” అనండి. వాడు చెప్పేదాకా ఆగండి.