పాపము పండుట

పాపము పండక మానదు, పాపి దండన తప్పించుకొనలేడు అను విశ్వాసము మనకు తాతముత్తాతలనాటిది. బలవంతుని యెదుట దిక్కులేనివారికి పలుమారు అదియే యూరట యయ్యెను గాన, దానిని మేము పరిహసింపము. అయినను ఊరట నిచ్చినదెల్ల సత్యము కానేరదు.

1934వ సంవత్సరము జనవరి 15వ తేదీని బీహారమునందు మహాభూకంపము సంభవించెను. ముజఫర్‌పురము, ముంగేరు పట్టణములు పాడుపడెను. ఆ రాష్ట్రమునందే యేడువేలకు పైగా జనులు మడిసిరి. అప్పుడు హరిజనోద్ధరణమునకై దక్షిణదేశమున సంచరించుచుండిన గాంధీమహాత్ముడు, ఇది అస్పృశ్యతాపాపమునకు భగవంతుడు విధించిన దండన యని వచించెను. అస్పృశ్యతను ఖండించుటలో ఆయనతో ఏకీభవించుచునే రవీంద్రనాథ ఠాకూరు, ప్రకృతిలోని యుత్పాతములకు ప్రకృతిలోనే కారణములుండునని ప్రతివచించెను. మహాత్ముడా ప్రతివాదమును ఫిబ్రవరి 16వ తేదీ 'హరిజన్' పత్రికలో ప్రకటించి, ప్రత్యుత్తరమును వ్రాసెను. ఆ యౌదార్యమునకు నమస్కరింతము. వాదమున మాత్రము మేము కవిపక్షము వారము.

న్యాయస్థానములలో మెలగువారము గాన, నేరమెవరిది, శిక్షయెవరికి అని యడుగక యుండజాలము. అంటరానితనము దేశమెల్ల వ్యాపించియుండగా, దండన యా జిల్లాలకే యేల? ఆ దురాచారముచే నలిగినవారును, ఉయ్యెలలోని శిశువులును ఆ గోడలక్రిందనే చచ్చిరి గదా! ఏ మునసబైన నిట్టి తీర్పు వ్రాసినచో అప్పీలులో గడియసేపు నిలుచునా? భగవంతుని న్యాయము మునసబు న్యాయముకంటె తక్కువదని యెంచుట భక్తి యెట్లగును? హిమాలయముల యడుగున భూఫలకము లొరసికొనుటచే నేల కంపించునని నేడు బడిపిల్లలు సైతము చదువుచున్నారు.

ఈ సందేహము క్రొత్తది కాదు. వనపర్వమున ద్రౌపది, అధర్మపరుడు రాజ్యమేలుటయు ధర్మజుడు అడవులబడుటయు జూచి విధాతనే తప్పుపట్టెను. ధర్మజుడు కర్మఫలమును త్రోసిపుచ్చలేదు. కాని ఫలమాశించి ధర్మముతో బేరమాడువాడు అధముడనెను. యూదుల గ్రంథమున యోబు కష్టములపాలైనపుడు మిత్రులు, నీవేదో రహస్యపాపము చేసియుందువని వేధించిరి. తుదకు దైవాగ్రహము పడినది ఆ మిత్రులమీదనే.

ఆ మిత్రులు మన యిండ్లలో లేరా? పాపి బాధపడునని నమ్మినవాడు, బాధపడువాడెల్ల పాపియే యని యనుకొనుటకు ఎంతోసేపు పట్టదు. కుష్ఠరోగిని పూర్వజన్మపాపి యనిరి. లోకమెరుగని బాలవితంతువును మగని మ్రింగినదనిరి. వీరు దుష్టులు కారు, జపతపములు గలవారే.

మరియొక కీడు మాకు వృత్తిలో కన్పట్టుచున్నది. అనాథల భూమి నపహరించినవానిపై దావా నడచును. కన్నులార చూచినవాడు ఊరిలోనే యుండును. సాక్ష్యము చెప్పుమన్నచో, "వాని పాపము వానిదే, దేవుడు చూచుకొనునులెండి" యని తలపాగ సవరించుకొని యింటికి బోవును. దావా కొట్టివేయబడును.