అరగని చోట అసలు కొలత

పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్ హెడ్డు విప్పి, సిలిండర్ గోడను గోటితో పైనుంచి కిందికి తడిమితే అంచుకు కాస్త దిగువన చిన్న గట్టు తగులుతుంది. పిస్టన్ రింగులు అక్కడిదాకానే వస్తాయి. దాని కింద ఏళ్ల రాపిడికి ఇనుము అరిగి బోరు వెడల్పవుతుంది. పైనున్న సన్నని పట్టీ మాత్రం బోరు కోసిన నాడు ఎంత ఉందో ఈనాటికీ అంతే ఉంటుంది. పెగడపల్లి లాంటి ఊళ్లో వర్క్‌షాప్ మాన్యువల్ లేకుండా ఇంజన్ ముందు కూర్చున్నవాడికి దొరికే మొదటి ఆధారం ఆ పట్టీయే. దాన్ని చూసినప్పటి నుంచి నాకో ఆలోచన వదలడం లేదు. ఎక్కువ పనిచేసిన చోటే తన కొలతను పోగొట్టుకుంది. పని సోకని చోట అది భద్రంగా ఉంది.

పట్టీ దగ్గర కొలిస్తే 73.025 మిల్లీమీటర్లు రావాలి. ఇదేం అంకె అనిపిస్తుంది. అంగుళాల్లో చూస్తే రెండు ముప్పావు మీద సరిగ్గా ఒక సూత, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పిస్టన్ నడక 88.9 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర అంగుళాలు. 1489 సీసీల ఈ ఇంజన్ ఇంగ్లండులోని బీఎంసీ కంపెనీ నమూనా. మన దేశం మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం చేసుకున్నా, ఈ బండి అంగుళాల్లో పుట్టి అంగుళాల్లోనే బతికింది. చేసినవాడి కొలబద్ద చేతిలోకి తీసుకోగానే అర్థంలేని అంకె చక్కగా అర్థమైపోయింది. మనుషుల విషయంలోనూ ఇంతేనేమో. పెద్దవాళ్లను మన కాలపు కొలతతో కొలిచి, లెక్క కుదరడం లేదని ఎంత తొందరగా అనేస్తాం!

ఒక్కోసారి ఆ పట్టీ దగ్గరే ఇరవై థౌ ఎక్కువ వస్తుంది. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. అంటే నడుమ ఎవరో బోరింగ్ చేయించి పెద్ద పిస్టన్లు వేశారన్నమాట. పిస్టన్ నెత్తిన మసి తుడిస్తే ఆ ఓవర్‌సైజ్ అంకె కనబడుతుంది. అప్పుడు ఏది అసలు? ఫ్యాక్టరీ కోతా, మన షెడ్డు కోతా? నా మటుకు రెండూ అసలే. రెండో కోత లేకపోతే ఆ బండి కొండగట్టుకూ వేములవాడకూ అన్నేళ్లు జనాన్ని మోసేదే కాదు.

ఇక కొలతకు అందనివి కొన్ని ఉంటాయి. ఏ సిలిండర్ తర్వాత ఏది మండాలి? "పుస్తకం ఎందుకు సారూ, చేత్తో తిప్పుకుంట వాల్వులు చూడు, అవ్వే చెప్తయి" అన్నాడు ఊళ్లోని ఒక ముసలి మిస్త్రీ. క్రాంకును మెల్లగా తిప్పుతుంటే ఇన్‌లెట్ వాల్వులు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరుసలో దిగాయి. అదే మండే వరుస. ట్యాపెట్ గ్యాపుకు ఆయన దగ్గర తొమ్మిది లెక్క ఉంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సర్దాలి, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. క్రాంక్ మీద ఒకటీ నాలుగూ, రెండూ మూడూ జోడీలుగా కదలడం, వాల్వుల అమరిక నడిమి నుంచి అటూ ఇటూ తిరగబడి ఉండడం దీనికి కారణం. ఆ కారణాన్ని ఆయనకు ఎవరూ చెప్పలేదు. లెక్క మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

లెక్కలన్నీ కాగితం మీదే భద్రంగా ఉన్న బండ్లూ లేకపోలేదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. వేడుకలకు తప్ప పెద్దగా తిరగని బండి. దాన్ని బాగుచేయాలంటే ఒక్కో ఛాసిస్‌కు విడివిడిగా రాసిన పాత రికార్డులు ఇంగ్లండులో ఉన్నాయి, ఆ బండినే జీవితంగా పెట్టుకున్న క్లబ్బులున్నాయి. 2014లో ఉత్తరపాడలో తయారీ ఆగేదాకా దేశమంతా తిరిగిన అంబాసిడర్‌కు ఆ భాగ్యం లేదు. అందరి దగ్గరా ఉన్న బండి కాబట్టి కాగితం దాచాలని ఎవరికీ తోచలేదు. నా గౌరవం మాత్రం అరిగిన బోరుకే.

ఆ కాగితం లోటును ఇన్నాళ్లూ మనుషులే పూడ్చారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల షెడ్లలో పని పట్టుబడ్డ పిల్లలు ఎందరో గల్ఫ్ బాట పట్టారు. ఉన్న ముసలివాళ్ల చేతులు వణుకుతున్నాయి. మీ ఎరుకలో అలాంటి మిస్త్రీ ఉంటే ఈ వారమే వెళ్లి కూర్చోండి. ఆయన చెప్పే లెక్కలు ఆయన మాటల్లోనే రాసుకోండి. మీరే ఇంజన్ విప్పితే మళ్లీ బిగించే ముందు బోరు, క్రాంక్, బేరింగుల సైజులూ తేదీ ఒక నోటుబుక్కులో రాసి బండిలోనే పెట్టండి.