పదును చూడని చాకు

పాత మడత చాకులను కూర్చి దాచుకొనుట క్రైస్తవునికి తగునా తగదా అని, మన ప్రాంతమునుండి విదేశమునకు ఉద్యోగమునకై వెళ్లిన యువకుడొకడు మాకు వ్రాసి యడిగియున్నాడు. అతడు కొను చాకులు ఎనుబదియేండ్ల నాటివి, నూరేండ్ల నాటివి. వాటితో అతడు పండు కోయడు, పెన్సిలు చెక్కడు. మెత్తని గుడ్డ పరచిన పెట్టెలో వరుసగా పేర్చి, తీరిక దినమున ఒక్కొక్కటి తీసి, తెరచి, మూసి, నూనెతో తుడిచి, మరల దాచును. ఇంటనున్న తండ్రి, "వంకాయ తరుగని కత్తికి అంత సొమ్మా!" అని కోపపడెనట. ప్రశ్న చిన్నదిగానే కనబడుచున్నది. అయినను మనుష్యుడు వస్తువును ఏ రీతిగా ప్రేమింపవలెనను ప్రశ్న దీనిలో మడతపడి యున్నది గనుక కొంచెము తెరచి చూతము.

తండ్రి మాట మన పల్లెల మాటయే. మన యొద్ద ఇనుమునకు విలువ పనివలన కలుగును. తాళ్లు గీయువాని కత్తిని చూడుడి. దినదినము నూరుటచేత కొన్ని యేండ్లలో అది సన్నబడిపోవును. అంతమాత్రమున దానిని ఎవరును తక్కువ చేయరు. కొడవలి అరిగెననగా కోతలు కోసెనని అర్థము. పాత చాకులు కూర్చువారి కొలత దీనికి తలక్రిందులైనది. వారి లెక్కలో సానరాయి ముట్టని అలుగు, కార్ఖానా విడిచిననాటి మెరుపు చెడని అలుగు అన్నిటికంటె ప్రియము. ఒక్కసారి నూరినయెడల వెల తగ్గును. అరిగి సన్నబడినయెడల మరింత తగ్గును. చేసినవాడు దానిని కోయుటకే చేసెను; ఎవడును కోయలేదు గనుకనే నేడు దానికి ఇంత ధర. ఇది వింతయే.

అయితే పని యొక్కటే వస్తువును మంచిది చేయునని మేము చెప్పజాలము. యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయములో ఒక చాకు కనబడును. అది లేఖికుని చాకు, కలము చెక్కుకొనునది. యెహోయాకీము రాజు చలికాలపు మందిరములో కూర్చుండి, ప్రవక్త మాటలు వ్రాసిన గ్రంథపు చుట్టను దానితోనే ముక్కలు చేయించి కుంపటిలో వేయించెను. ఆ చాకు మంచి పదును గలదే, పనిలో నున్నదే. ఆ దినమున అది ఏ పెట్టెలోనో మూతబడి యుండినయెడల ఎంత మేలు!

ఇక ఆ యువకుడు దేనిని చూచి మురిసిపోవుచున్నాడో గ్రహింపక తీర్పు తీర్చుట న్యాయము కాదు. మడత చాకు కడు తెలివైన పనిముట్టు. పిడి లోపల వెనుకభాగమున ఉక్కు బద్ద యొకటి బిగించి యుండును. అలుగు మొదలు ఆ బద్దను నొక్కుచు తిరుగును. తెరచినప్పుడును మూసినప్పుడును బద్దయే దానిని పట్టి నిలుపును. అందుచేతనే మంచి చాకు మూయునప్పుడు టక్కుమని పలుకును. అలుగును, బద్దయు, పిడియు వెంట్రుకవాసి సందు లేక ఒక్క వరుసగా కూడవలెను. పనివాడు ఆకురాయితో కొంచెము రాచి, కూర్చి చూచి, విప్పి, మరల రాచి సరిచేసిన కూర్పు అది. నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలు చేతి నేర్పు దేవుడిచ్చినదని చెప్పబడియున్నది. అట్టి నేర్పును చూచి మనస్సు ఉప్పొంగినయెడల దానిని దురాశ అనుటకు మాకు నోరు రాదు.

ఇంగ్లాండు దేశమందలి షెఫీల్డు పట్టణము ఈ పనికి పేరుపొందినది. 14వ శతాబ్దపు కవి చాసర్ తన కథలలో ఒక పిండిమర వాని మేజోడులో షెఫీల్డు కత్తి నుంచెను. 1624లో అక్కడి కత్తిపనివారికి పార్లమెంటు చట్టమువలన ఒక సంఘము ఏర్పడెను. జోసఫ్ రాజర్స్ అను సంస్థ గురుతైన నక్షత్రమును మాల్టా సిలువయు 1682లో నమోదైనవి. ఆంగ్లేయుల కాలమున ఆ చాకులు మన దేశమునకును వచ్చినవి. ఆ సంస్థవారు 1822వ సంవత్సరమున 1822 అలుగులు గల చాకు నొకటి చేసిరి. 1851లో లండను మహా ప్రదర్శనమునకై 75 అలుగులును పనిముట్లును గల మరియొక దానిని చేసిరి. ఏ జేబులోను పట్టని జేబుకత్తులివి! ఇట్టివాటిని చూచి మేము ఆశ్చర్యపడుదుము గాని అంతగా ప్రేమింపజాలము. రెండు అలుగుల చిన్న చాకులో ఇంతకంటె వినయముగల నేర్పు కలదు.

ఆ మెరుపు ఎక్కడనుండి వచ్చెనో ఇప్పుడు అడుగవలెను. షెఫీల్డులో ఒకడు ఉక్కును కాచి సాగగొట్టును, ఒకడు సానపట్టును, ఒకడు పిడిలో కూర్చును. సానపట్టువాడు తిరుగుచున్న పెద్ద ఇసుకరాతిమీదికి వంగి దినమంతయు కూర్చుండును. రాతిధూళియు ఉక్కుధూళియు వాని ముక్కునను నోటను పడి ఊపిరితిత్తులను గట్టిపరచును. 1845లో ఎంగెల్స్ ఇంగ్లాండు శ్రామికులనుగూర్చి వ్రాసిన గ్రంథమున షెఫీల్డు వైద్యుడు నైట్ చెప్పిన లెక్క యున్నది. పొడిరాతిమీద సానపట్టువారి సగటు ఆయుష్షు 35 ఏండ్లకు చేరుటయే కష్టము. తడిరాతిమీద పనిచేయువారు 45 దాటుట అరుదు. (ఎంగెల్స్ మన విశ్వాసమువాడు కాడు. సాక్ష్యము సత్యమైనప్పుడు ఎవడు పలికినను వినవలెను గదా.) ధూళిని లాగివేయు సాధనములు కనిపెట్టబడినవి గాని, పనివారిలో కొందరే వాటిని వద్దనిరి. ఆయుష్షు పెరిగినయెడల పనివారి సంఖ్య పెరుగును, కూలి పడిపోవునని వారి భయము. పిల్లల అన్నమునకై తన ఊపిరిని తానే బేరము పెట్టుకొన్న మనిషిని తలంచుకొనుడి! ఆ లోహమునందు మన ముఖము కనబడునంత మెరుపు తెచ్చినవాడు వాడే.

పిడి సంగతియు చెప్పవలెను. ఆ పాత చాకులలో అనేకములకు కణుజు కొమ్ము పిడి యుండును. ఆ కొమ్ము మన దేశపు అడవులనుండి ఓడలెక్కి పోయినది. కణుజు ఏటేట కొమ్ము రాల్చును గనుక ఏరి తెచ్చినదానిలో ప్రాణహాని లేదు. అయితే ఆ వ్యాపారమునకై కణుజులను చంపకుండునట్లు మన ప్రభుత్వము కొమ్ముల ఎగుమతిని నిషేధించినది. ఏనుగు దంతపు పిడులకు అట్టి సాకు లేదు. దంతముల అంతర్జాతీయ వ్యాపారమును ఆపవలెనని 1989లో అనేక దేశములు కూడి తీర్మానించినవి.

ఇంత బాధ కలిసిన వస్తువును ఇంట నుంచుకొనుటయే పాపమని కొందరు వాదింతురు. మేము ఒప్పుకొనము. చాకును బావిలో పారవేసినంతమాత్రమున ఆ పనివానికి ఊపిరి తిరిగిరాదు. తన ఊపిరి పోసి చేసిన పనిని మనము తృణీకరించుట వానికి రెండవ అన్యాయము. మా అభ్యంతరము వేరొక చోట నున్నది. చాకు మొదట నుండు ముద్ర యజమానిది. కాచినవాని పేరు, సానపట్టినవాని పేరు, కూర్చినవాని పేరు అక్కడ లేవు. కూర్చువారిలో అనేకులు భూతద్దము పెట్టి ముద్రనే చూతురు. అమెరికా దేశపు కేస్ చాకులమీద 1970 మొదలు చుక్కలు వేయుచు, ఏటేట ఒకటి తగ్గించుచు వచ్చిరి. ఆ చుక్కలు లెక్కించి సంవత్సరము చెప్పగలవారున్నారు. ఆ తెలివిని మేము నిందింపము, గాని దృష్టి ముద్రయొద్ద ఆగిపోయినయెడల చేయి కనబడదు.

మార్క్ ట్వేన్ 1876లో ప్రకటించిన టామ్ సాయర్ కథ ఈ సంగతిని నవ్వుచు చెప్పుచున్నది. టామ్ అను బాలుడు సండేస్కూలుకై కొండమీద ప్రసంగములోని వచనములను ఎంతో కష్టపడి కంఠస్థము చేయగా, మేరీ అను అక్క వానికి బార్లో చాకును బహుమానముగా నిచ్చును. ఆ చాకు ఏమియు కోయదు! అయినను అది నిజమైన బార్లో అను పేరు చాలును, వాడు పరమానందభరితుడగును. బహుమానమునకై నేర్చిన వచనమును, పేరుకై ప్రేమించిన చాకును ఒక్క బాలుని జేబులోనే పెట్టిన రచయిత గడుసరి. మన సండేస్కూలు బహుమానములనుగూర్చి ఇక్కడ మేమేమియు చెప్పబోము.

ప్రేమ పేరుమీదనే నిలిచినచోట మోసమునకు మార్గము సుళువు. షెఫీల్డు పేరును జర్మనీ చాకులమీద కొట్టి అమ్ముటచేతనే, సరకు ముద్రలనుగూర్చి 1887లో బ్రిటిషువారు చట్టము చేయవలసివచ్చెను. నేడును పాత ముద్రను కొత్త అలుగుమీద కొట్టి ఎక్కువ వెలకు అమ్మువారు గలరు. పని ఎరిగినవాడు కూర్పు చూచి సందేహపడును. పేరు మాత్రమే ఎరిగినవాడు సొమ్ము పోగొట్టుకొనును.

కావున ఆ యువకునికి మేము వ్రాసినదేమనగా: నీ పెట్టెలోని చాకులు నిన్ను పాపిని చేయవు. అప్పుచేసి కొనుచున్నావా? ఇంటిలో తల్లి మందులకు పంపవలసిన సొమ్ము పెట్టెలోనికి పోవుచున్నదా? అట్లయితే మా జవాబు వేరుగా నుండును. అట్లు కానియెడల కొద్దివాటినే ఉంచుకొనుము, ప్రతిదాని పనిని నేర్చుకొనుము. షెఫీల్డులో స్టాన్ షా అను పనివాడుండెను. 1926లో పుట్టి, 1941లో పదునాలుగేండ్ల బాలుడుగా పనిలో చేరి, మడత చాకును మొదటినుండి తుదివరకు తన చేతులతోనే కూర్చుచు, 2021లో 94 ఏండ్ల వయస్సున మరణించెను. అట్టివాని పనిని గూర్చి చదువుము. మరియు ఒక చాకునైనను జేబులో నుంచుకొని పండు కోయుము. ధర తగ్గునని భయమా? 1890 మొదలు ఫ్రాన్సు దేశపు పర్వతప్రాంతమున చేయుచున్న ఒపినెల్ చాకు సామాన్యుని వెలకే దొరకును.

మన యిండ్లలోను తాతలనాటి చాకులు కొన్ని పెట్టెల అడుగున పడియున్నవి గనుక వారికిని రెండు మాటలు. తోలు ఒరలో పెట్టి దాచకుడి. తోలులోని పదార్థములవలన ఉక్కుకు తుప్పు పట్టును. సెల్యులాయిడ్ పిడి గల పాత చాకును వేరుగా నుంచుడి. ఆ పిడి కాలక్రమమున కుళ్లి, దానినుండి వెలువడు ఆవిరి తన అలుగునే గాక ప్రక్కనున్న చాకులను సహితము తుప్పుపట్టించును. పదును పెట్టదలచినయెడల కరెంటు చక్రముమీద పెట్టనియ్యకుడి. ఆ వేడికి ఉక్కు గట్టితనము పోవును. సైకిలు చక్రముతో వీధిలోనికి వచ్చు సానవానికిచ్చునప్పుడు నెమ్మదిగా త్రొక్కుమని చెప్పుడి, ప్రక్కన చెంబుతో నీళ్లుంచుడి.