ఒడ్డున నిలిచినవారి ధర్మము

దంపతులలో ఒకరికి ప్రాణాపాయకరమగు వ్యాధి సంభవించినప్పుడు, రోగము ఒక దేహమునకే వచ్చినను బాధ రెండు జీవములకు కలుగును. మంచముపై నున్నవారికి వైద్యులున్నారు, మందులున్నవి. మంచము ప్రక్కన కూర్చున్నవారి సంగతి ఎవరడుగుదురు? వారు ఏమి చేయవలెను? ఎట్లు ధైర్యము నిలుపుకొనవలెను? శ్రీమద్భాగవతమున ఈ ప్రశ్నలకు సమాధానము కలదు. గజేంద్రమోక్షము ప్రతి వైష్ణవగృహమునను పఠింపబడు కథయే. అందు మొసలిని తలచుకొందుము, గజేంద్రుని తలచుకొందుము, చక్రధారియై వచ్చిన శ్రీహరిని తలచుకొందుము. సరోవరపు ఒడ్డున నిలిచియున్నవారిని మాత్రము మరచిపోవుచుందుము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి వచ్చు భక్తులు కొందరు క్లోమవ్యాధిని గూర్చి చెప్పి కంట తడిపెట్టుట కలదు. క్లోమగ్రంథిని వైద్యులు పాంక్రియాస్ అందురు. అది కడుపునకు వెనుక, వెన్నెముకకు ముందు, మిక్కిలి లోతున నుండును. అన్నమును జీర్ణముచేయు రసములను, రక్తమునందలి చక్కెరను అదుపుచేయు ఇన్సులినును పుట్టించునది అదియే. 1869లో లాంగర్‌హాన్స్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు అందలి ప్రత్యేక కణసమూహములను వర్ణించెను. 1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులినును వెలికి తీసి మధుమేహరోగులకు ప్రాణదానము చేసిరి.

పిత్తాశయమున పుట్టిన రాళ్ళవలన గాని, మద్యపానమువలన గాని, మరికొన్ని కారణములవలన గాని ఈ గ్రంథి వాచినప్పుడు, అన్నమును జీర్ణింపజేయవలసిన రసములు తమ్ము పుట్టించిన గ్రంథినే దహింప నారంభించును. పైకడుపున పుట్టిన నొప్పి వీపులోనికి దూసికొనిపోవును. పెక్కుమంది కొలదిదినములలో కోలుకొందురు. వ్యాధి తీవ్రమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు సైతము దెబ్బతిని ప్రాణముమీదికి వచ్చును. ఆ గ్రంథియందే పుట్టు క్యాన్సరు మరియొక విధమైన శత్రువు. లోతున దాగియుండుటచే తొలిదశలో బయటపడదు. కామెర్లు, అరుచి, కారణము తెలియని కృశత్వము కనబడునప్పటికి తరచుగా ముదిరియుండును.

అప్పుడు ఆ కుటుంబము పడు పాట్లు చెప్పనలవికావు. కడపకు పొమ్మని ఒకరు, తిరుపతికి పొమ్మని ఒకరు, వేలూరికి పొమ్మని వేరొకరు చెప్పుదురు. పసిడి వ్యాపారమునకు పేరొందిన ప్రొద్దుటూరి వీధులలో, నిన్నటివరకు నగలు కొనుటకు వచ్చిన ఇల్లాలే నేడు చేతిగాజులు అమ్ముటకు వచ్చి నిలుచును. పులివెందుల రైతు చీనీతోట పత్రములు తాకట్టు పెట్టును. ఇంటి వారికి నిద్ర లేదు, ఆకలి లేదు. అన్నింటికంటె మించి, తాము ప్రేమించినవారి నొప్పిని తాము తీసికొనలేకపోవుట అనునది వారిని లోలోపల తినివేయును.

ఈ స్థితినే భాగవతము చూపినది. మొసలి గజేంద్రుని పాదము పట్టినప్పుడు తోడి ఏనుగులు వెనుకనుండి లాగి విడిపింప యత్నించినవి. వాటికి శక్యము కాలేదు. ఆడయేనుగులు దీనములై ఘోషించినవి. ఆ పోరు వేయి సంవత్సరములు సాగెను. తన భాగవతమును శ్రీరామచంద్రునకు సమర్పించిన పోతనామాత్యుడు ఈ ఘట్టమున ఒక మాట అదనముగా చూచెను. పెనిమిటిని ఒంటరిగా విడిచిపోవుటకు కాళ్ళు రాక ఆ కరిణులు అచ్చటనే నిలిచి చూచుచుండెనని ఆయన వర్ణించెను. ఒంటిమిట్ట కోదండరాముని సన్నిధిలో పోతన విగ్రహమునకు నమస్కరించు కడపసీమ భక్తులు ఆ మాటను కూడ జ్ఞాపకముంచుకొనదగును. ఆ కరిణులు నీటిలోనికి దిగి మొసలిని చంపలేవు, వదలి అడవికి పోలేవు. రోగి ప్రక్కన కూర్చున్న భార్య స్థితి, భర్త స్థితి అదియే. చేయగలిగినది లేదని తోచినను, విడువక నిలుచుటయే ఒక ధర్మమని ఆ కథ బోధించుచున్నది.

నిలుచుట యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. లక్ష్మణస్వామి శక్తిహతుడై పడిపోయినప్పుడు సాక్షాత్తు శ్రీరామచంద్రుడు విలపించెను. ఆ విలాపము ఆయన దైవత్వమునకు లోపము కాలేదు. అప్పుడు సుషేణుడు లక్ష్మణుని ముఖవర్ణమును, అవయవములను పరీక్షించి ప్రాణమున్నదని నిర్ణయించి, ఓషధులకై హనుమంతుని పంపెను. సర్వేశ్వరుడే వైద్యుని మాట విని మందు తెప్పించినాడు గదా! వేంపల్లెకు దగ్గర పాపఘ్నీతీరమున గండి వీరాంజనేయుని సేవించు పులివెందులవారికి ఈ సంగతి వేరుగా చెప్పవలెనా? ఆ స్వామి సంజీవిని తెచ్చినవాడు. శ్రీవిష్ణుసహస్రనామములలో వైద్యః, ఔషధమ్, భేషజమ్, భిషక్ అను నామములున్నవి. వైద్యుడును ఆయనయే, మందును ఆయనయే. కావున ముందు మ్రొక్కు తీర్చుకొని తరువాత ఆసుపత్రికి పోవుదమని జాగు చేయరాదు. పైకడుపున తీవ్రమైన నొప్పి పుట్టి వీపునకు పాకి, వాంతులు విడువకున్నచో ఆ గంటలోనే బయలుదేరవలెను. మ్రొక్కు వేచియుండును; వ్యాధి వేచియుండదు.

మరియొక విషయము. ఈ వ్యాధిలో కొన్ని దినములు నోటికి ఏమియు ఇయ్యరాదని గాని, నేయి నూనెలు తగవని గాని వైద్యులు చెప్పుట కలదు. అట్టి సమయమున బంధువులు భక్తితో తిరుమల లడ్డూప్రసాదము తెచ్చి, కొంచెమైన నోట వేయుమని బలవంతపెట్టుదురు. ఇది తగదు. ప్రసాదమును కన్నుల కద్దుకొని, రోగి శిరస్సునకు తాకించి, ఇంటివారు స్వీకరింపవచ్చును. ప్రసాదమును గౌరవించుటకు నాలుక యొక్కటియే మార్గము కాదు. అట్లే రోగికై ఇల్లాలు కఠినోపవాసములు పట్టి తానును పడిపోవుట స్వామికి ప్రీతికరము కాదు. వ్రతమును భంగపరుపనివి ఎనిమిదియని మహాభారతము చెప్పినది. జలము, ఫలము, పాలు, ఔషధము అందులోనివే. సేవచేయు దేహమును కాపాడుకొనుట సేవలోని భాగమే. రాత్రి మీరు, పగలు మరొకరు అని వంతులు వేసికొని నిద్రింపుడు.

జమ్మలమడుగు వైపు ఇల్లాలొకతె ఒకప్పుడు నన్నిట్లడిగినది: "స్వామీ! తాగుడు మానమని పదేండ్లు మొత్తుకున్నాను, ఆయన వినలేదు. ఇప్పుడు నొప్పితో మెలికలు తిరుగుతుంటే జాలీ పుడుతుంది, కోపమూ పుడుతుంది. ఇంత కోపం కడుపులో పెట్టుకొని నేను చేసే పూజ ఆ నారాపురస్వామికి చేరుతుందా?"

నేనిట్లు చెప్పితిని: "అమ్మా! మన సంప్రదాయమున శ్రీమహాలక్ష్మిని పురుషకారభూతురాలందురు. అనగా జీవుని పక్షమున స్వామితో మాటలాడునది. ఈ జీవుడు దోషము లేనివాడని ఆ తల్లి చెప్పదు. దోషములన్నియు ఆమెకు తెలియును. తెలిసియే, వీనిని విడువవలదని వేడుకొనును. నీవు చేయుచున్నదియు అదియే. తప్పు తెలిసియుండుట, వేడుకొనుట ఒకదానికొకటి విరోధములు కావు. కోపమున్నను చేయి విడువకుంటివి చూడు, ఆ పూజ చేరినది."

ఇరుగుపొరుగువారికి కూడ ఒక మాట. ఈ వ్యాధి వచ్చిన ప్రతివాడును మద్యపాయి యని తలపరాదు. ఒక చుక్కయైన ఎరుగని సాధ్వులకు సైతము పిత్తాశయపు రాళ్ళవలన ఇది వచ్చును. ఇక పూర్వజన్మపాపమని చెప్పువారు భాగవతకథాక్రమమును గమనింపవలెను. గజేంద్రుడు పూర్వజన్మమున ఇంద్రద్యుమ్నుడను రాజు; అగస్త్యశాపముచే ఏనుగై పుట్టెను. కాని శుకమహర్షి ఈ సంగతిని ఎప్పుడు చెప్పెను? శ్రీహరి వచ్చి రక్షించిన తరువాత చెప్పెను. గజేంద్రుడు నీటిలో నెత్తురోడ్చుచున్నప్పుడు శాపప్రసంగము చేయలేదు. చక్రధరుడును నీ కర్మమేమని అడిగి ఆగలేదు. లక్ష్మీదేవికైనను చెప్పక పరుగెత్తి వచ్చెనని పోతన. స్వామి అడుగని ప్రశ్నను మనము రోగిమంచము కడ నిలిచి అడుగుట ఎంత అపచారము!

అయితే, మ్రొక్కినవారందరి భర్తలు, భార్యలు ఇంటికి తిరిగివచ్చుచున్నారా? లేదు. ఈ సత్యమును దాచిపెట్టి చెప్పు ధర్మప్రసంగము దుఃఖితుని మోసగించుటయే. శరణాగతి యనగా నేను కోరినట్లు జరుగునని గట్టిగా నమ్ముట కాదు. ఏమి జరిగినను స్వామి చేయి మమ్ము విడువదని నమ్ముట. గజేంద్రుడు విడుదలపొంది తిరిగి అడవికి పోలేదు. శ్రీహరి రూపమును పొంది ఆయన వెంట పోయెను. ఆ దినమున ఒడ్డుననున్న కరిణులు ఏనుగుల రాజు లేకయే ఇంటిదారి పట్టియుండవలెను. వారి దుఃఖమును భాగవతము వర్ణింపలేదు గాని, మనము ఊహింపవచ్చును. అయినను వారు వేయియేండ్లు నిలిచినది వ్యర్థమని ఎవరనగలరు? కోలుకొనుట ఒక అనుగ్రహము. స్వామిపాదములను చేరుట మరియొక అనుగ్రహము. రెండవది మిగిలినవారికి కన్నీటితోనే వచ్చును. ఆ కన్నీరు భక్తికి కొఱత కాదు.

మరియు, గజేంద్రుడు చేసిన స్తోత్రము పూర్వజన్మమున నేర్చినది. కష్టకాలమున పైకి వచ్చినది. కావున ఆరోగ్యముగా నున్ననాడే దంపతులు కలిసి ప్రతిదినము కొంత పారాయణము చేయుట మేలు. రోగశయ్యపై గొంతు పెగలనప్పుడు, ప్రక్కనున్నవారు చేయి పట్టుకొని మెల్లగా ఆ నామములనే చెప్పినచో, చెప్పినవారికి విన్నవారికి మధ్య భేదముండదు.

పులివెందుల రంగనాథస్వామిని దర్శించునప్పుడు శేషశయనుడైన స్వామిని సేవింతుము. పవళించిన ప్రభువు పాదములకడ కూర్చుండి సేవించుటయే శ్రీదేవి వైభవమని పెద్దలు కీర్తించిరి. మంచము ప్రక్కన కూర్చున్న తల్లులారా, అయ్యలారా! లోకము మిమ్ము చూడకపోవచ్చును. మీరు కూర్చున్న చోటు చిన్నది కాదు. రోగులకు ఆరోగ్యమును, సేవకులకు ధైర్యమును, విడిచిపోయినవారికి తన పాదములను శ్రీనివాసుడు అనుగ్రహించుగాక!